రుచి పుస్తకం

పంతొమ్మిది వందల యాభై రెండో సంవత్సరం ఎండాకాలంలో మద్దమ్మ చేతి గంజితో ప్రాణం నిలుపుకున్నవాళ్లు ఎనిమిది వందల మంది. ఆమె చేత తిట్లు తినని మనిషి వాళ్లలో ఒక్కడూ లేడు. వరుస తప్పితే తిట్టేది. చెంబు కడగకుండా తెస్తే తిట్టేది. గంజి పోయించుకుని దండం పెట్టినవాళ్లను మరీ తిట్టేది. “నాకెందుకు పెడతావు దండం? నేనేమన్నా మా ఇంట్లోంచి తెచ్చి పోస్తాండానా?” అని గరిటె విదిలించేది. ఆ గరిటె మాత్రం ఎవరికీ చుక్క తక్కువ పోసి ఎరగదు.

పత్తికొండకు ఆరు మైళ్ల అవతల నల్లగుండ్లపల్లె. మూడేళ్లుగా వాన మొహం చాటేసింది. బావుల్లో బురద కూడా ఎండిపోయాక, సర్కారు బడి పక్కన కొట్టం వేసి గంజి కేంద్రం తెరిచింది. వంటకు మనిషిని చూడమంటే తలారి నరసన్న ఇంకెక్కడా ఆగకుండా మద్దమ్మ గుడిసె ముందు నిలబడ్డాడు. పెళ్లిళ్లకూ దేవర జాతర్లకూ వందల మందికి వండిన చెయ్యి ఆమెది. యాభై ఏళ్ల మనిషి. మొగుడు పెద్ద ఈరన్న పోయి ఎనిమిదేళ్లు, పిల్లలు లేరు, ఉన్న మూడెకరాలూ బీటలు వారి పడి ఉన్నాయి. ఆ వంట పని ఉంటే రెండు పూటలా కడుపులోకి ఇంత పడుతుంది. పోతే తనూ చెంబు పట్టుకుని ఆ వరుసలోనే నిలబడాలి. ఆ సంగతి ఆమెకు ఎవరూ చెప్పక్కర్లేదు.

మద్దమ్మకు ఒక పట్టు ఉంది. వండేటప్పుడు నాలిక మీద చుక్క కూడా వేసుకునేది కాదు. పదిమందికి పెట్టే కూడు వండేవాళ్లు ఎంగిలి చేయకూడదని వాళ్లమ్మ నేర్పింది. ఉప్పు కొలత పిడికిలికి తెలుసు, ఉడుకు సంగతి ముక్కుకు తెలుసు. అంతకు మించి ఆమెకు అక్కర్లేదు.

సర్కారు వాళ్ల పద్ధతి ఇంకొకటి. గుండిగ దించగానే తొలి గరిటె కంచు గ్లాసులో పోసి కేంద్రం అధికారి చేతికి ఇవ్వాలి. ఆయన తాగి, రుచి ఎలా ఉందో పుస్తకంలో రాసి, సంతకం పెట్టాలి. ఆ సంతకం పడ్డాకే నరసన్న దూలానికి వేలాడే రైలు పట్టా ముక్క మీద సుత్తితో కొట్టాలి. అది మోగితేనే వరుస కదలాలి. ఊళ్లో దాన్ని రుచి పుస్తకం అనేవాళ్లు. వండే ఆమె రుచి చూడదు, తాగేవాళ్లకు రుచి ఎంచే స్థితి లేదు. అంటే ఎనిమిది వందల మందికీ కలిపి నాలిక ఒక్కటే. అది కేంద్రం అధికారి ఓబులేసు నాలిక.

ఓబులేసు జమ్మలమడుగు వైపు నేతగాళ్ల బిడ్డ. వాళ్ల వీధిలో మగ్గం గుంటలో కాళ్లు పెట్టకుండా బి.ఏ. దాకా పోయినవాడు అతనొక్కడే. ఇరవై ఆరేళ్లకు రెవెన్యూ ఇన్‌స్పెక్టర్ అయ్యాడు. ముప్పై దాటేలోపు తాసిల్దారు కుర్చీలో కూర్చోవాలని కోరిక. దాన్ని దాచుకునే రకం కూడా కాదు.

“ఈసారి మీ ఊరికి జీపులో వస్తా చూడు, మద్దమ్మా,” అనేవాడు.

“రా సామీ. జీపులో వచ్చినా చెంబు కడుక్కొనే తాగల్ల,” అనేది ఆమె.

మొదట్లో అతను గంజి రుచి చూడటం ఒక తమాషా. కళ్లు మూసుకుని, గుక్కను నోట్లో అటూ ఇటూ తిప్పి మింగేవాడు. “ఉప్పు ఒక పిడికెడు తక్కువ” అనేవాడు. మద్దమ్మ గొణుక్కుంటూ వేసేది. ఆమె గొణుగుడంతా అతను తప్పు చెప్పినందుకు కాదు, ప్రతిసారీ సరిగ్గా చెప్పినందుకు. వరుసలో ఉన్నవాళ్లందరినీ పేర్లు పెట్టి పిలిచేవాడు. ఒకనాడు బసమ్మ అనే ముసలామె రాలేదని అతనే కనిపెట్టి, డబ్బాలో గంజి పోయించుకుని, సైకిల్ మీద రెండు మైళ్లు పోయి ఆమె గుడిసెలో ఇచ్చి వచ్చాడు. ఆ పొద్దు మద్దమ్మ అతని వెనక చూసి, “కన్న తల్లి ఎవురో గానీ” అనుకుని కళ్లు తుడుచుకుంది.

పక్క ఊరి కేంద్రం చూసే ఆయన జ్వరంతో పడుకుంటే ఓబులేసు, “నేను చూసుకుంటాను” అన్నాడు. ఇంకో ఊరి ఆయన సెలవు పెట్టి పోతే దానికీ, “నేను చూసుకుంటాను” అన్నాడు. చిత్తిరి నెలకు మూడు కేంద్రాలు అతని చేతిలో ఉన్నాయి. ఎర్రటి ఎండలో రోజుకు ఇరవై మైళ్లు సైకిల్. తాలూకా కచ్చేరిలో అందరి ముందూ తాసిల్దారు అతన్ని మెచ్చుకున్నాడట. నరసన్న ఊరంతా చెప్పుకొచ్చాడు. “మనిషి కాదప్పా, ఇనుము,” అన్నాడు. మద్దమ్మా తల ఊపింది. ఆ తల ఊపినందుకు తర్వాత తనను తానే తిట్టుకుంది.

మార్పు ఎప్పుడు మొదలైందో ఎవరూ చూడలేదు. అతను అరిచి ఉంటే చూసేవాళ్లు, పడిపోయి ఉంటే చూసేవాళ్లు. అతను చల్లబడిపోయాడు. ఏం చెప్పినా “సరే” అనేవాడు. పేర్లు పోయి, “ముందున్న ఆడమనిషి”, “ఆ ముసలాయన” అనడం వచ్చింది. రాసిన పేజీనే మళ్లీ రాసేవాడు. చొక్కా జేబులో ఇంటి నుంచి వచ్చిన జాబులు మూడు, విప్పకుండానే చెమటకు నలిగి అతుక్కుపోయాయి. బసమ్మ మళ్లీ రెండు రోజులు రాకపోతే, “ఒకరు తక్కువ” అని పైకే అంటూ రాసి పేజీ తిప్పాడు. అది విన్న మద్దమ్మ చేతిలో గరిటె ఆగింది. ఆ పూట నరసన్నతో తనే గంజి పంపింది కానీ, మనసులో ఏదో గుచ్చుకుంది.

తర్వాత ఉప్పు సంగతి జరిగింది. తప్పు ఆమెదే. తను ఉప్పు వేసి కట్టెలు ఎగదోయడానికి వంగింది. వేయలేదేమో అనుకుని నరసన్న ఇంకో అంత ఉప్పు కుమ్మరించాడు. ఇద్దరూ చెప్పుకోలేదు. ఓబులేసు గ్లాసెడూ తాగాడు. “బాగుంది” అంటూ పుస్తకంలో రాశాడు. పట్టా ముక్క మోగింది. మొదటి పది మంది తాగీ తాగగానే ఉమ్మేశారు. పసిపిల్లలు గుక్కపెట్టి ఏడ్చారు. మద్దమ్మకు సిగ్గుతో తల ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. నీళ్లు పోసి, నూక పోసి, మళ్లీ కాచేసరికి చచ్చినంత పనయింది. అంత గోలలోనూ ఓబులేసు ఒక్క మాట అనలేదు. ఎవరి ఊళ్లోనో జరుగుతున్నట్టు నిలబడి చూశాడు.

తిట్టి ఉంటే ఆమె ఆ రాత్రి హాయిగా నిద్రపోయేది. తిట్టలేదు కాబట్టే భయం పట్టుకుంది.

మర్నాడు ఆమె ఒక పని చేసింది. గుప్పెడు వేపాకు నూరి, గుడ్డలో పిండి, ఆ రసం కంచు గ్లాసులో వేసింది. పైన రాగి గంజి పోస్తే రంగు కనబడలేదు. గ్లాసు అతని చేతికి అందించింది. సర్కారు గంజిలో వంటమనిషి ఏదో కలిపిందని తెలిస్తే పని పోవడం ఒక్కటే కాదు, పోలీసుల దాకా పోతుంది. ‘ఉమ్మెయ్యి నాయనా, నా మొహాన ఉమ్మెయ్యి’ అనుకుంటూ లోపల దేవుళ్లందరికీ మొక్కుకుంది.

ఓబులేసు గుటకలు వేస్తూ గ్లాసంతా తాగాడు. మూతి తుడుచుకుని, పుస్తకం తెరిచి, “బాగుంది” అని రాసి సంతకం పెట్టాడు.

మద్దమ్మ పొయ్యి దగ్గర చతికిలబడింది. ఆమెకు నల్లోడు గుర్తొచ్చాడు.

నల్లోడు వాళ్ల మోట ఎద్దు. ఈరన్న బతికి ఉన్న రోజుల్లో బావి దగ్గర మోట తోలడానికి జత ఎద్దులు ఉండేవి, నల్లోడు, ఎర్రోడు. ఎర్రోడు మొండివాడు. అలిసిపోతే మోట లాగే ఏటవాలు బాటలోనే పడుకునేవాడు, కొట్టినా లేచేవాడు కాదు. నల్లోడికి చెర్నాకోల అక్కర్లేదు. తోలు బాన పైకి వచ్చి నీళ్లు పోయిన చప్పుడు వింటే చాలు, తనంతట తనే వెనక్కి నడిచేవాడు. ఒక కరువు ఏడు పైరు ఎండకుండా చూడాలని పొద్దున్నుంచి పొద్దుగూకే దాకా తోలారు. నల్లోడు మేత మానేశాడు. కూర్చోబెడితే నెమరు వేయలేదు, నోరు కదలలేదు. “చూడు, మేత కూడా అడగడంల్యా” అని ఈరన్న వీపు చరిచి మురిసిపోయాడు. మద్దమ్మా మురిసింది. నాలుగో రోజు మోట నిండా నీళ్లతో లాగుతూ లాగుతూ కాడి కిందే కూలిపోయాడు. మళ్లీ లేవలేదు. ఎర్రోడు ఇంకా ఆరేళ్లు బతికాడు.

ఆ సాయంత్రం సైకిల్ ఎక్కబోతున్న ఓబులేసుకు ఆమె అడ్డం నిలబడింది.

“సామీ, రెండు దినాలు ఇంటికి పోయి రా. మీ అమ్మ జాబుల మీద జాబులు రాస్తాండాది గదా.”

“బేస్తవారం తాసిల్దారు తనిఖీకి వస్తాండాడు. దాని తర్వాతే ప్రమోషన్‌కు పేర్లు పైకి పోయేది. ఇప్పుడెట్లా పోతా?”

“నీ ఒంట్లో బాగలేదు సామీ.”

ఓబులేసు నవ్వాడు. నవ్వు పెదాల దగ్గరే ఆగిపోయింది. “జొరమా, దగ్గా? మూడు కేంద్రాలు నడిపిస్తాండా. ఒక్కరన్నా తప్పు చూపించినారా?”

వేపాకు మాట ఆమె గొంతు దాకా వచ్చింది. మింగేసింది. ఎనిమిది వందల మందిని తిట్టిన నోరు, తన కూడు పోతుందన్న భయానికి ఆ ఒక్క మాట దగ్గర మూతపడింది. ఆమె కదలకుండా నిలబడే ఉంటే అతను మెల్లగా, ఏ కోపమూ లేకుండా, “ఇంకోసారి ఇట్లాంటి మాట ఎత్తితే వంటకు వేరే మనిషిని చూసుకుంటా” అని సైకిల్ తొక్కుకుంటూ వెళ్లిపోయాడు.

నరసన్నతో చెబితే అతను కొట్టిపారేశాడు. “కష్టపడే మనిషిని చూసి ఓర్చుకోలేవు నువ్వు” అన్నాడు.

బేస్తవారం వచ్చింది. తెల్లారేసరికే కొట్టం ముందు అలికి ముగ్గులు పెట్టారు. పాత నూక అయిపోయి, ముందురోజు బండి మీద కొత్త బస్తాలు వచ్చాయి, మరపట్టిన జొన్న నూక. తాసిల్దారు వచ్చేలోపు గంజి దిగాలని ఓబులేసు తొందరపెట్టాడు. ఎప్పుడూ చెరిగి గానీ పొయ్యి ఎక్కించని మద్దమ్మ ఆ పొద్దు చెరగకుండానే పోసింది.

ఉడుకు పట్టాక ఆవిరి ఆమె మొహానికి కొట్టింది. ఏదో తేడా. జొన్న వాసన వెనక చెమ్మ పట్టి ముక్కిపోయిన గోడ లాంటి వాసన ఒకటి సన్నగా తగిలింది. గరిటెతో కలిపి మళ్లీ వాసన చూసింది. కట్టెల పొగ ఒకటి అడ్డం. ఉందనిపించింది, లేదనిపించింది. వరుసలో ఎనిమిది వందల మంది. ముందు బసమ్మ, ఆమె వెనక చంకన బిడ్డలతో తల్లులు. పిల్లలు అప్పటికే చెంబులు నాకుతున్నారు. దూరంగా బాట మీద దుమ్ము లేచింది, తాసిల్దారు జీపు.

“సామీ, ఈ గంజిలో వాసన ఏదో మారిండాది,” అంది ఓబులేసుతో.

అతను గ్లాసు అందుకుని రెండు గుక్కలు తాగాడు. “బాగానే ఉంది” అన్నాడు. పుస్తకం తెరిచాడు. నరసన్న సుత్తి ఎత్తి పట్టుకుని అతని కలం వంకే చూస్తున్నాడు. జీపు వచ్చి ఆగింది.

కలం కాగితానికి తగలబోతుండగా మద్దమ్మ అతని మణికట్టు పట్టుకుంది.

ఊరంతా చూస్తుండగా, తాసిల్దారు జీపు దిగుతుండగా, వంటమనిషి ఇన్‌స్పెక్టర్ చెయ్యి పట్టుకుంది. వరుసలో వెనకున్నవాళ్లు మెడలు చాచారు. ఓబులేసు విదిలించబోయాడు. పొయ్యి కాడ ముదిరిన చెయ్యి అది, ఊడలేదు.

“రాయొద్దు నాయనా. నీకు తెల్దు,” అంది.

“వదులు.”

“ఆ పొద్దు ఉప్పు రెండింతలు పడితే ‘బాగుంది’ అని రాసినావు. మర్నాడు నీ గ్లాసులో నేను వేపాకు రసం కలిపినా. ఔ, నేనే కలిపినా. గ్లాసెడూ తాగి ‘బాగుంది’ అని రాసినావు. నా పని పోతే పోనీ. నీ నాలికకు రుచి తెలీడంల్యా నాయనా. నువ్వు మేత మానేసిన ఎద్దు మాదిరి లాగుతాండావు. మొండికేసే ఎద్దయితే నేను భయపడను. నువ్వు మొండికేయడంల్యా.”

“ఏమిటిది?” అన్నాడు తాసిల్దారు దగ్గరికి వచ్చి. “ఆలస్యమెందుకు? గంజి చూస్తే బాగానే ఉందిగా. సంతకం పెట్టండి, ఓబులేసు. వాళ్లు ఎండలో నిలబడున్నారు.”

ఓబులేసు పుస్తకం వంక చూశాడు. పేజీ నిండా అతని చేతి రాతే. బాగుంది, బాగుంది, బాగుంది. వెనక్కి తిప్పాడు, అక్కడా అదే. గ్లాసులో మిగిలిన గుక్క ఎత్తి నోట్లో పోసుకున్నాడు. కళ్లు మూసుకున్నాడు. అంతమంది ముందు, ఆ గుక్కను నోట్లో అటూ ఇటూ తిప్పాడు. కళ్లు తెరిచేసరికి అవి నీళ్లతో నిండి ఉన్నాయి.

“నాకు తెలీడం లేదు,” అన్నాడు. “ఉప్పుందో, చేదుందో, ఏముందో... నాకేం తెలీడం లేదు సార్.”

“సంతకం పెట్టండి అంటున్నా.”

“పెట్టను సార్.”

‘సరే’ తప్ప ఇంకో మాట రాని నోట్లోంచి నెల రోజులకు వచ్చిన మొదటి సొంత మాట అది. దాని వెల ఏమిటో అక్కడున్న అందరికీ తెలుసు, అందరికంటే ఎక్కువ అతనికి తెలుసు.

అప్పుడు మద్దమ్మ అతని చెయ్యి వదిలి గుండిగ దగ్గరికి పోయింది. ఎంగిలి చేయొద్దన్న తన తల్లిని తలచుకుని, గరిటె అంచున ఉన్న గంజి వేలితో తీసి నాలిక మీద వేసుకుంది. వెంటనే ఉమ్మేసింది. “నరసన్నా, బస్తాల అడుగు చూడు” అని కేకేసింది.

నరసన్న బస్తా బోర్లించాడు. అడుగున, కుట్టు మూలల్లో, తెల్లటి పొడి గడ్డలు గడ్డలుగా రాలింది. గోదాముల్లో పురుగు పట్టకుండా చల్లే మందు. ఏ గోదాములో, ఏ బస్తా పక్కన ఏ బస్తా పెట్టారో, దాన్ని ఎవరు ఎత్తి పంపారో తర్వాత ఎవరూ తేల్చలేదు. తాసిల్దారు మొహం పాలిపోయింది. మద్దమ్మ ఓబులేసు చేత ఉప్పునీళ్లు తాగించి, మింగిన గంజంతా కక్కించింది.

గుండిగ గుంటలోకి వంచుతుంటే వరుసంతా ఒక్కసారి ఏడుపు అందుకుంది. కరువులో గంజి నేలపాలు కావడం చూడటం మాటలు కాదు. కొందరు చెంబులతో గుంట దగ్గరికి ఉరికారు. మద్దమ్మా, నరసన్నా, ఓబులేసూ చేతులు చాపి అడ్డం నిలబడి ఆపాల్సి వచ్చింది. ఆమె ఆ పొద్దు ఎవరినీ తిట్టలేదు. ఊళ్లో ఇంటింటికీ తిరిగి దోసెడు దోసెడు అడిగి, పక్క కేంద్రం నుంచి రెండు బస్తాలు తెప్పించి, మళ్లీ గంజి దిగేసరికి మధ్యాహ్నం తిరిగిపోయింది.

ఓబులేసు పుస్తకంలో తన చేత్తోనే రాశాడు: “నాకు రుచి తెలియలేదు. వంటమనిషి మద్దమ్మ చెప్పగా గంజి పారబోయించాను.” సంతకం పెట్టి, కలం మూసి, కొట్టం గోడకు ఆనుకుని కూర్చున్నాడు. కూర్చున్నవాడు కూర్చున్నట్టే నిద్రపోయాడు. అంత గోలలోనూ లేవలేదు. మద్దమ్మ తన కొంగుతో ఈగలు తోలింది.

తాసిల్దారు అతన్ని నెలన్నర సెలవు మీద ఇంటికి పంపించాడు. పైకి పోయిన పేర్లలో ఓబులేసు పేరు లేదు. ఇంకో అధికారి దొరికేదాకా మద్దమ్మే రుచి చూసి పుస్తకంలో వేలిముద్ర వేయాలన్నాడు. పని పోతుందని వణికిన మనిషికి పని రెండింతలయింది. వరుస అయ్యాక గుండిగ అడుగున ఏం మిగిలితే అదే తాగేది. ఆమె పాత ఎంగిలి పట్టు సంగతి ఎత్తి నరసన్న నవ్వేవాడు. ఆమె గరిటె ఎత్తేది.

శ్రావణంలో నాలుగు చినుకులు పడ్డాయి. వరుస కొంచెం తగ్గింది. ఒక పొద్దున సైకిల్ గంట వినబడి తల ఎత్తితే ఓబులేసు. ఒళ్లు కాస్త తేరుకుంది. గడ్డం గీసుకున్నాడు. వచ్చి కూర్చుని పుస్తకం అందుకున్నాడు. తన ‘బాగుంది’లు, తన ఆఖరి రాత, ఆ తర్వాత పేజీ మీద పేజీ నల్లటి వేలిముద్రలు. ఒక్కొక్కటే తిప్పుతూ చాలాసేపు చూశాడు.

మద్దమ్మ గ్లాసు ఇచ్చింది. అతను కళ్లు మూసుకుని, గుక్కను నోట్లో అటూ ఇటూ తిప్పి మింగాడు. ఆమె అతని నోటి వంకే చూసింది.

“ఉప్పు ఒక పిడికెడు తక్కువ, మద్దమ్మా.”

ఆమెకు ఏడుపొచ్చింది, దానితోపాటే కోపమూ వచ్చింది. “యాడ తక్కువ? ఎప్పుడూ వేసినట్టే అయిదు పిడికిళ్లు వేసినా. నెలన్నర దినాలుగా నేనే రుచి చూస్తాండా, నాకు తెలీదా?” అని పిడికిలి బిగించి అతని మొహం ముందు పెట్టింది.

ఓబులేసు ఆ పిడికిలి వంక చూశాడు. చూస్తూనే ఉన్నాడు. ఎముకల మీద తోలు తప్ప ఏమీ లేదు. మణికట్టు ఎముకలు పొడుచుకొచ్చాయి. ఎండాకాలం మొదట్లో ఆ పిడికిట్లో పట్టిన ఉప్పు ఇప్పుడు పట్టడం లేదు. రోజుకింత తగ్గుతూ వచ్చింది కాబట్టి ఆమె నాలిక కనిపెట్టలేదు.

“అయిదూ వేసినావు,” అన్నాడు అతను మెల్లగా. “నీ చెయ్యి సగమైంది, మద్దమ్మా.”

ఆమె తన చెయ్యి తనే మొదటిసారి చూస్తున్నట్టు తిప్పి తిప్పి చూసుకుంది. 

ఓబులేసు లేచి, ఇంకో పిడికెడు ఉప్పు తనే వేసి కలిపి, పుస్తకంలో సంతకం పెట్టాడు. తర్వాత ఆమె చేతిలోని గరిటె తీసుకుని, గోడ దగ్గర తను ఆనాడు కూర్చున్న చోటు చూపించాడు.

“ఆడ కూచో. ముందు నువ్వు తాగు. ఈ పొద్దు నేను పోస్తా.”

మద్దమ్మ కూర్చుంది. నరసన్న పట్టా ముక్క మీద కొట్టాడు. వరుస కదిలింది.